అడ్డపొగ రత్నాలు

కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. వంతాల రత్నాలు నోట్లో నిప్పే దాగేది. చుట్ట వెలిగించి, వెలిగిన కొస నోటి లోపలికి తిప్పి, పెదాలు మూసి పనిలోకి దిగిపోయేది. బయటికి కనిపించేది చుట్ట మొండి ఒక్కటే. లోపల నాలుకకీ అంగిలికీ మధ్య ఎర్రటి నిప్పు కణకణమంటుండేది. ఆ నిప్పుతోనే మేకల్ని అదిలించేది, కోడల్ని కేకేసేది, మిరియాల తీగలకి పందిరి కట్టేది. మధ్యలో ఓసారి పక్కకి తిరిగి బూడిద ఉమ్మేసేది, అంతే. అరకు చూడ్డానికి కార్లలో వచ్చినవాళ్ళు దారి తప్పి ఆవిడ ఊరు కొత్తగొంది దాకా వస్తే, ఆవిడని చూసి ముక్కున వేలేసుకునేవారు. వాళ్ళని అనడానికేముంది? అక్కడే పుట్టి పెరిగిన కళ్ళకే అది వింతగా ఉండేది.

ఈ అడ్డపొగ రత్నాలు కనిపెట్టిన విద్య కాదు. ఉత్తరాంధ్ర కొండల్లోనూ సముద్రపొడ్డు పల్లెల్లోనూ ఆడవాళ్ళకి తరాలనాటి అలవాటు. ఎందుకు మొదలైందంటే తలకో మాట చెబుతారు. ఒళ్ళో పాలు తాగే బిడ్డ మీద నిప్పురవ్వ రాలకుండా అని ఒకరు, కొండగాలికి ఆరిపోకుండా అని ఇంకొకరు. రత్నాలు అత్త మాత్రం, "మగోళ్ళకి చుట్ట పట్టుకోడానికో సెయ్యి కాళీగుంతాది. మనకేదే?" అనేది. కాపురానికి వచ్చిన ఏడాదే, చోడి అనే రాగిపంట నాట్ల వేళ, కోడలికి ఆవిడే నేర్పింది. మొదట్లో నాలుక కాలి గంజి కూడా మింగలేక రత్నాలు ఏడ్చింది. తరవాత కాలడం మానేసిందో, కాలినట్టు తెలియడం మానేసిందో ఆవిడకే తెలియదు.

ఆవిడ మొగుడు ఫల్గుణకి తాతైనవాడు, కొండ ఊళ్ళ మీద పెత్తనం చేసే ముఠాదారు దొర దగ్గర గుడగుడ నింపేవాడట. కొబ్బరిబుర్రలో నీళ్ళు, పైన చిలుములో బెల్లం కలిపిన పొగాకు, దాని మీద నిప్పు. ఒకడు నింపాలి, ఒకడు ఊదాలి, ఒకడు పట్టుకు నిలబడాలి. అంతమంది చాకిరీ చేస్తే పొగ నీళ్ళలో చల్లబడి దొరగారి నోటికి చేరేది. ఇప్పుడు అరకు రోడ్డు పక్కన గుడారాల్లో కుర్రాళ్ళు అదే హుక్కాని రంగురంగుల గొట్టాలతో పీలుస్తుంటే రత్నాలు ఓసారి నిలబడి చూసింది. "పొగ సల్లారడానికి నీళ్ళు కావాలేటి? మన నోట్లో నేవా?" అని పకపకా నవ్వింది. దొరకి ముగ్గురు చేసిన పని ఆవిడ నోరొక్కటే చేసేది, అదీ నెత్తిన కట్టెలమోపుతో కొండెక్కుతూ.

కోడలు స్వర్ణ పాడేరు వైపు పిల్ల. కొత్తగా వచ్చినప్పుడు కాఫీతోటలో జడివాన పట్టుకుంది. పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళంతా రాతిచరియ కింద దూరి గజగజ వణుకుతున్నారు. అగ్గిపెట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. అంత వానలోంచీ నడిచొచ్చిన రత్నాలు తాపీగా కూర్చుని నోరు తెరిచింది. లోపల నిప్పు ఎర్రగా ఉంది. దాన్ని ఎండుపుల్లల మీద పెట్టి ఊదితే మంట లేచింది. "ఓలమ్మో, మా అత్త మనిషి కాదు!" అంది స్వర్ణ. చాలాకాలం ఆ మాట అంటూనే ఉండేది. ఆశా కార్యకర్త అయ్యాక మానేసింది.

ఆశా పని స్వర్ణకి ఇంకో సంగతి నేర్పింది. అడ్డపొగ తాగినవాళ్ళ అంగిలికి పుండు లేస్తుంది, అది ముదిరితే కేన్సరు. అత్తతో ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి సంతలో పళ్ళ డాక్టర్ల శిబిరం పెట్టిన రోజు, "పన్ను పీకుతందన్నావు గదా, రా అత్తా" అని మాయమాట చెప్పి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ పేరు డాలీ, చిన్నపిల్ల. పెన్నులాంటి కెమెరా రత్నాలు నోట్లో పెట్టి, ఎదురుగా ఉన్న తెర చూడమంది. తెర మీద ఒక గుహ కనబడింది. పైకప్పంతా అలలలాంటి మడతలు. వాటి వెనక సున్నం పూసినట్టు తెలుపు, తెలుపులో ఎర్రటి చుక్కలు.

"ఇదెవుల్ది?" అంది రత్నాలు. అనగానే గుహ మూసుకుపోయింది. నోరు తెరిస్తే మళ్ళీ తెరుచుకుంది.

"మీదే అమ్మా. మీ అంగిలి."

ఇన్నేళ్ళూ నిప్పు పెట్టిన చోటు ఎలా ఉంటుందో రత్నాలు ఎన్నడూ చూడలేదు. అంత వేడి తిని ఇంకా కూలిపోకుండా నిలబడిందే! గుడిలో నిలబడ్డట్టు తెలియకుండానే రెండు చేతులూ జోడించింది.

"అమ్మా, ఈ తెలుపు మంచిది కాదు" అంది డాక్టరమ్మ. "ఇవాళ్టి నించి చుట్ట ముట్టుకోకూడదు. ఉప్పూ కారం కూడా తగలనివ్వకండి. కాఫీకోతలు అయ్యాక రండి. అప్పటికి తగ్గకపోతే ముక్క కోసి పరీక్షకి పంపాలి. చెడ్డదని తేలితే అంగిలి తీసెయ్యాల్సి రావచ్చు."

రత్నాలు ఎరిగిన సంగతే. పై గూడెంలో సన్యాసమ్మకి అలాగే తీసేశారు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట్లాడితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. బతికినన్నాళ్ళూ జనంలోకి రాకుండా దాక్కునే బతికింది.

ఇంటికొచ్చి తనలో తానే ఒక తీర్పు చెప్పుకుంది రత్నాలు. చెడ్డ చేసింది నిప్పు గాని చుట్ట కాదు కదా! పెరటి వెనక కూర్చుని, మగవాళ్ళలా నిప్పు బయటికి పెట్టి లాగింది. పొగ కళ్ళల్లోకి కొట్టింది, గాలికి నిప్పు రెండుసార్లు ఆరిపోయింది. ఇంత చేతకాని పనిని మగవాళ్ళు తరతరాలుగా ఎలా చేస్తున్నారో ఆవిడకి బోధపడలేదు. అంతలో స్వర్ణ వచ్చి పట్టేసింది.

"అత్తా! ఏటి సేత్తన్నావు?"

"నిప్పు బయటే ఉన్నాది గదే!"

"పొగ లోనికే గదా ఎల్తంది! సన్యాసమ్మలాగ అయిపోతావా?"

ఆ పేరు వినగానే చుట్ట చేతిలోంచి జారిపోయింది. మర్నాడు పెరట్లో పొగాకు మొక్కలు వేళ్ళతో సహా పీకేసింది. పీకుతూ ఏడ్చింది కూడా. నోరు ఊరుకోకపోతే చింతగింజ బుగ్గన పెట్టుకునేది. స్వర్ణ తన పొయ్యి మీద ఉప్పు లేని చోడంబలి కాచి ఇస్తే అదే తాగేది. ఫల్గుణకి మాత్రం ఎప్పటిలాగే తన చేతి అంచనాతో, రుచి చూడకుండా వండి పెట్టేది. ఫల్గుణ మితభాషి. ఏమీ అనకుండా తన చుట్టలు పశువులశాలకి మార్చేసి, ఇంట్లో వెలిగించడం మానేశాడు. కాఫీకోతలు సాగినన్నాళ్ళూ రత్నాలు నాలుకతో అంగిలిని తడుముకుంటూనే ఉంది. తడిమితే రంగు తెలియదు కదా. అదే ఆవిడ బాధ.

కోతలయ్యాయి. అత్తా కోడళ్ళు జీపెక్కి ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ కెమెరా పెడుతుంటే రత్నాలు కళ్ళు మూసుకుంది. "అత్తా, సూడు... సూడత్తా" అని స్వర్ణ భుజం కుదిపితే తెరిచింది. సున్నం లేదు. ఒక వార సన్నగా చార మిగిలింది, అంతే. మిగతాదంతా లేత గులాబీరంగు, పసిపిల్లల అరికాలి రంగు.

"దానంతటదే బాగుపడిందా?" అంది రత్నాలు గొంతు తగ్గించి.

"మీరు నిప్పు తీసేశారు. మిగిలింది అదే చూసుకుంది. ఇప్పుడు కొయ్యక్కర్లేదమ్మా. వేసవిలో మళ్ళీ రండి, చుట్ట జోలికి మాత్రం వెళ్ళకండి. ఇంక అందరిలాగే తినండి."

ఆ సాయంత్రం రత్నాలు చిక్కుడుగింజల పులుసు వండింది. పొద్దువాలకుండానే ఫల్గుణ పక్కన కూర్చుని, ఎన్ని నెలల తరవాతో కూర కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంది.

పెట్టుకున్న ముద్ద మింగలేకపోయింది. ఉప్పు నాలుక మీద భగ్గుమంది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఉప్పు డబ్బా ఏమైనా ఒలికిందేమోనని పొయ్యి వైపు చూసింది. పక్కన ఫల్గుణ నిమ్మళంగా తింటున్నాడు.

"మావా, ఇదేటిది? ఇంతుప్పు పడిపోనాది?"

"ఇయ్యేల కూసింత తక్కువే" అన్నాడు ఫల్గుణ.

రత్నాలు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అయితే రోజూ... పెళ్ళైన కాడినించీనా?"

"పెళ్ళైన కొత్తల బాగానే ఉండీది. మా అమ్మ నీకు చుట్ట నేర్పినాక ఎక్కువైనాది."

"మరేటి సెప్పనేదు?"

ఫల్గుణ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "ఏటి సెప్పమంతావు? నాలిక మాడిపోనాది, దాని తప్పేటి అనుకున్నాను. సెప్తే నువ్వు వండడానికి బయపడుదువు."

రత్నాలు ఆయన వైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఊరూరా జనం వింతగా చూసింది ఆవిడని. నోట్లో నిప్పు పెట్టుకుందని వీరనారిలా చెప్పుకున్నారు. రోజూ ఆ కూర తిని, చెయ్యి కడుక్కుని, మాట్లాడకుండా పొలం వెళ్ళిపోయిన ఈ మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. ఆవిడా చూడలేదు.

"అది తినకు. బేగి ఇంకోటి వండెత్తాను" అని ఆయన ముందు నుంచి కంచం లాగేసింది. పొయ్యి రాజేసి, గింజలు మళ్ళీ ఎసట్లో పోసి, ఉప్పు చిటికెడు చిటికెడుగా వేస్తూ ప్రతిసారీ రుచి చూసింది. చిక్కుడుగింజకి దాని రుచి దానికుందని తెలిసి ఆశ్చర్యపోయింది. సరిగ్గా కుదిరిందనిపించాక వేడివేడిగా వడ్డించి, ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది.

ఫల్గుణ ముద్ద తిన్నాడు. నమిలాడు. ఆవిడ మొహం ఓసారి చూశాడు.

"బాగున్నాది గానీ," అన్నాడు, "సప్పగున్నాదే."