బల్లకట్టు సూరమ్మకు మొహం అల్లిన హెలెన్

హెలెన్ ఎలాంటి మనిషని మా యూనివర్సిటీలో ఎవరినడిగినా నెమ్మదస్తురాలు అంటారు. ఒట్టి మాట. పరీక్షల విభాగంలో ఇరవై రెండేళ్లుగా ఆమె పక్క కుర్చీలో కూర్చుంటున్నదాన్ని నేను, నన్నడగండి. గొంతు పెంచదు, అంతే. మొండితనంలో నన్ను అమ్మి మళ్లీ కొనగలదు. నేను నోరు పారేసుకుని పది నిమిషాల్లో మర్చిపోయే రకం. ఆమె ఒక్క మాట అనదు, పదేళ్లయినా మర్చిపోదు.

మార్కుల పట్టీలు సరిచూడటం మా పని. ఒకరు చదవాలి, ఇంకొకరు టిక్కు పెట్టాలి. నోరున్నదాన్ని కాబట్టి చదివేది నేను. "అరవై నాలుగు, యాభై ఒకటి, ఆబ్సెంటు" అంటూ పైనుంచి కిందికి నేను గడగడా చదువుకుపోతుంటే, ఆమె తలెత్తకుండా ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ వస్తుంది. మా ఇద్దరి చేతుల్లోంచి ఇంతవరకు ఒక్క తప్పు జారిపోలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే చెప్తున్నాను.

మొన్న జూలైలో నిరోష అనే అమ్మాయి ఏదో ఫారం పట్టుకుని మా దగ్గరకొచ్చింది. తెలుగు శాఖలో పాత రేడియో నాటకాల మీద పరిశోధన చేస్తోంది. భుజానికి ఊలు ఉండల సంచి వేలాడుతోంది.

"ఏందమ్మా, స్వెటరా? మన దిక్కు స్వెటర్లెవరు ఏస్కుంటరు?" అన్నాను.

"స్వెటర్ కాదు మేడం, దుప్పటి" అని నవ్వింది. తార్నాకలో అమ్మాజీగారని ఒకప్పటి రేడియో నటి ఉన్నారట. వచ్చే ఆదివారానికి ఎనభై నిండుతాయి. హాస్టలు అమ్మాయిలు కలిసి ఆమెకో దుప్పటి అల్లుతున్నారు. పదహారు చదరాలు, ఒక్కో చదరంలో ఆమె వేసిన ఒక్కో పాత్ర మొహం. "పదిహేను అయినయ్ మేడం. బల్లకట్టు సూరమ్మ ఒక్కతే మిగిలింది. ఆ నాటకం విన్నోళ్లే దొరుకుతలేరు. మొహం ఎట్లుంటదో ఎవ్వరికీ తెల్వదు."

హెలెన్ పెన్ను కింద పెట్టేసింది.

"నాకు తెలుసు. అది నేను అల్లుతాను" అంది.

నా నోరు తెరుచుకుపోయింది. ఇరవై రెండేళ్లుగా ఒకే డబ్బాలో అన్నం తింటున్నాం. నా ఆపరేషన్ సంగతి, నా మరిది చేసిన నిర్వాకం, అన్నీ ఆమెకు చెప్పాను. ఈమెకి అల్లిక వచ్చని నాకు తెలియదు! నిరోష వెళ్లగానే పట్టుకుని కడిగేశాను. అప్పుడు చెప్పింది.

వాళ్లది నర్సాపురం పక్క ఊరు. అక్కడి ఆడవాళ్లందరికీ లేసు పనే. అయితే ఒకరు మొత్తం అల్లరు. పువ్వులు అల్లేవాళ్లు పువ్వులే అల్లుతారు, అంచులు అల్లేవాళ్లు అంచులే, వాటిని కలిపి అతికేవాళ్లు వేరు. హెలెన్ ఏడేళ్లప్పటి నుంచి పువ్వులే అల్లింది. వేలకు వేలు. అవి ఏ బల్ల మీదకి పోయాయో, ఏ దేశం పోయాయో ఒక్కటీ చూడలేదు. పదో తరగతిలో ఉండగా వాళ్ల నాన్న ఇక బడి చాలు, పని పెంచు అన్నాడు. ఆమె సూది పట్టుకుని కూర్చుంది. పక్కింటి కిటికీలో రేడియో ఉండేది. గురువారం మధ్యాహ్నం బల్లకట్టు సూరమ్మ నాటకం వచ్చేది. ఏటి మీద బల్లకట్టు నడిపే మనిషి, మునసబు ఎక్కినా ముష్టివాడు ఎక్కినా ఒకటే నోరు. ఒక వారం నాటకంలో, చదువు మాన్పించి ఓ పిల్లకి పెళ్లి చేస్తుంటే సూరమ్మ గడ నీళ్లలోంచి తీసేసింది. పిల్ల పరీక్ష రాసి వచ్చేదాకా పెళ్లివారిని దాటించనంది. హెలెన్ చేతిలో సూది ఆగిపోయింది. మర్నాడు నాన్నకు ఎదురు నిలబడి, వెళ్లి పరీక్ష ఫీజు కట్టింది.

"నా పరీక్ష ఆవిడ రాయించిందే భాగ్యా. ఆవిడ ఈ తార్నాకలోనే ఉన్నారని నాకు తెలీదు. ఇది ఆవిడ చేతిలో పెట్టి, ఆ ఒక్క మాట చెప్పాలి. అంతే నాకు" అంది. కళ్లు తుడుచుకోలేదు. ఆమె అలాంటిదే.

ఇక మొహం దగ్గర మొదలైంది గొడవ. హెలెన్ చెప్తుంటే నిరోష కంప్యూటర్లో బొమ్మ వేసింది. గుండ్రటి చెంపలు, నల్లటి రంగు, తలగుడ్డ, పక్కకి తిరిగి నవ్వే మొహం.

"బొట్టేది?" అన్నాను. "సూరమ్మ అనంగనే ఇంత బొట్టు ఉంటది గదా!"

"నాకు కనిపించినావిడకి లేదు."

"రేడియోల నీకు ఎట్ల కనిపిచ్చింది?"

"నీకెలా కనిపించిందో అలాగే."

నేను ఆ నాటకం వినను కూడా వినలేదు, అయినా వదల్లేదు. చివరికి నిరోషే తలగుడ్డను కనుబొమ్మల దాకా కిందికి లాగేసింది. బొట్టు ఉందో లేదో ఇప్పుడు సూరమ్మకే తెలియాలి. ఇద్దరం ఒప్పుకున్నాం.

అల్లిక ఇలా. కింది మూలలో ఒక్క గడితో మొదలవుతుంది. తర్వాత ఐమూలగా రెండు గడులు, తర్వాత మూడు. అలా పెరిగి పెరిగి నడుమకొచ్చాక మళ్లీ తగ్గుతూ ఎదుటి మూలకు చేరుతుంది. ఏ గడి ఏ రంగో, నిరోష ఆ బొమ్మను దించి ఇచ్చిన గళ్ల కాగితం చూసి అల్లాలి. హెలెన్‌కి కాగితం చూస్తూ అల్లడం చేతకాదు, వాళ్ల ఊళ్లో అన్నీ వేళ్లకే తెలుసు. అయితే ఏం, నేను లేనా? "నేను చదువుత, నువ్వు అల్లు" అన్నాను. మధ్యాహ్నం అన్నాలు తినగానే మొదలుపెట్టేవాళ్లం. "రెండు ఎరుపు, నాలుగు నలుపు, ఒకటి తెలుపు." చూస్తుండగానే వేళ్లు పరిగెత్తేవి. సాయంత్రం బస్సులో గోల్నాకలోని మా ఇంటికి వెళ్తూ కూడా ఆమెకు ఫోన్లో చదివేదాన్ని. పక్క సీటామె నేనేదో పెళ్లి చీరల లెక్క చెప్తున్నాననుకుని ఏ షాపని అడిగింది.

అల్లిన భాగాన్ని హెలెన్ ఎప్పటికప్పుడు తెల్లగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకునేది. చిన్నప్పటి అలవాటు. మాసిన లేసును వ్యాపారులు తీసుకునేవాళ్లు కాదట. కాబట్టి బొమ్మ ఎలా వస్తోందో ఆమె చూడలేదు, నేనూ చూడలేదు. బుధవారం నాటికి సగం దాటింది. బల్ల మీద గుడ్డ విప్పి పరిచాం.

అమ్మో! కన్ను గడ్డం కింద ఉంది. నోరు చెవి పక్కకు పోయింది. సూరమ్మ ఏట్లో మునిగి, మూడు రోజులకు తేలినట్టుంది.

"నీ అల్లికే తప్పు" అన్నాను.

"నీ చదవడం తప్పు" అంది.

ఇద్దరం మొహాలు చెరోవైపు తిప్పుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం నిరోష వచ్చి చూసి నాలిక కరుచుకుంది. వరుస అయ్యాక అల్లికను తిప్పుతాం కదా, అందుకని ఒక వరుస కిందినుంచి పైకి చదివితే తర్వాతిది పైనుంచి కిందికి చదవాలట. నేను మార్కుల పట్టీ చదివినట్టు అన్నీ పైనుంచి కిందికే చదివేశాను. వరుస విడిచి వరుస తలకిందులైపోయింది.

"పర్లేదు మేడం, టైం లేదు గదా. ఆ ఒక్కటి ప్లెయిన్ ఎరుపు పెట్టేస్తం" అంది నిరోష, మమ్మల్ని ఓదారుస్తూ.

హెలెన్ గుడ్డ మడత పెట్టి, ఎర్ర పెన్ను తీసుకుని, "చదువు, పట్టీలు చాలా ఉన్నాయి" అంది. ఆ గొంతు విని నాకు సిగ్గేసింది. తప్పు నాది. ఆమె నలభై ఐదేళ్లుగా దాచుకున్న మాట నా గడగడ చదువుడు వల్ల పోతోంది. ఆ గుడ్డ లాక్కుని, కొస దారం దొరకబుచ్చుకుని బర్రుమని లాగాను.

"అయ్యో ప్రభువా! ఏం చేస్తున్నావే?"

"ఇప్పుతున్న. కనిపిస్తలేదా? చేతులు చాపు, ఊలు చుట్టాలె."

మళ్లీ మొదటి గడి నుంచి. ఈసారి కాగితం మీద ఒక వరుసకి ఎర్ర బాణం, మరో వరుసకి నీలం బాణం గీసుకున్నాను. వరుస వరుసకీ గుడ్డ విప్పించి చూశాను. మా సూపరింటెండెంటు అటుగా వచ్చి ఏమిటిదన్నాడు. "లంచ్ టైం సార్" అన్నాను, నా మొహం చూసి వెళ్లిపోయాడు. శనివారం సెలవు పెట్టి తార్నాకలో హెలెన్ ఇంట్లోనే కూర్చున్నాం. కన్ను వచ్చిన గంటకు ముక్కు వచ్చింది. నవ్వు మొదలైన వరుస దగ్గర నేను చదవడం ఆపేసి చూస్తూ ఉండిపోయాను. ఆఖరి మూలలో ఆఖరి గడి పడగానే హెలెన్ దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"మొత్తం నేనే అల్లానే" అంది. చిన్నపిల్లలా గది అంతా తిరిగింది. నేను ఈల వేశాను. నాకు ఈల వచ్చని ఆమెకు తెలియదు, చెల్లుకు చెల్లు.

ఆ రాత్రే నిరోష వాళ్లు దాన్ని దుప్పటికి కలిపి కుట్టేశారు. ఆదివారం చర్చి అయ్యాక అమ్మాజీగారింటికి వెళ్లాం. ఆవిడ పిట్టంత మనిషి, గొంతు మాత్రం ఇల్లంతా ఉంది. ఫ్యాను కింద, అంత ఉక్కలో, ఆ ఊలు దుప్పటి ఒళ్లో పరుచుకుని చదరం చదరం తడుముతూ "ఇది మహారాణి, ఇది దొంగ అత్త" అని పేర్లు చెప్తూ కేకేసి నవ్వుతున్నారు. అమ్మాయిలంతా ఒకటే గోల. వేలు సూరమ్మ మీదకొచ్చి ఆగింది.

"ఈవిడెవరు?"

"బల్లకట్టు సూరమ్మ, అమ్మమ్మా" అంది నిరోష.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఎవరల్లారు?"

హెలెన్ దారి పొడుగునా నాకు వల్లించి వినిపించిన మాటలన్నీ గాలికి పోయాయి. గోడకి అంటుకుపోయింది. నేను వెనకనుంచి ఒక్కటి పొడిచాను. "చెప్పు అక్కా! గిందుకేనా నా గొంతు అరగదీసింది?"

చెప్పింది. నాకు చెప్పినంత బాగా కాదు. కిటికీ, పరీక్ష ఫీజు, నాన్న, అన్నీ కలగాపులగం చేసి, మధ్యలో రెండుసార్లు ముక్కు చీది చెప్పింది. నేనూ ఏడ్చాను, ఏం, ఏడవకూడదా?

అమ్మాజీగారు హెలెన్ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"స్టూడియోలో నా ఎదురుగా గోడ ఉండేదమ్మా" అన్నారు. "దాన్ని చూస్తూ మాట్లాడేదాన్ని. మిగతా నాటకాలకి సంచులకొద్దీ ఉత్తరాలొచ్చేవి. సూరమ్మకి ఒక్క కార్డుముక్క రాలేదు. ఎవరూ వినడం లేదని పదమూడు వారాలకి ఆపేశారు. నాకేమో ఆవిడే ఇష్టం. ఇన్నేళ్లూ గోడకి చెప్పుకున్నాననే అనుకున్నాను." ఆవిడ వేలు ఇంకా సూరమ్మ చెంప మీదే ఉంది. "అయితే అవతల నువ్వున్నావా తల్లీ?"

"ఉన్నానండీ" అంది హెలెన్. "పదమూడు వారాలూ ఉన్నానండీ."