దీపం చుట్టూ వలయం

డిపోలో ఆమెను అందరూ వాజిలినక్క అనేవాళ్ళు. పేరు పెట్టింది కండక్టర్లే. బస్సు నడపడం ఆమె ఉద్యోగం, ఫొటోలు తియ్యడం ఆమె పిచ్చి. తమ్ముడు కొత్త కెమెరా కొనుక్కుని పాతది అక్కకిచ్చాడు. దానితో పువ్వుల్నీ పిల్లల్నీ తీసి ఊరుకుంటే పేరు వచ్చేది కాదు. లెన్సు ముందు బిగించే అద్దానికి అంచుల వెంబడి వాజిలిన్ పూసి, మధ్యలో శుభ్రంగా వదిలేసి వీధిదీపాన్ని తీసేది. దీపం పెనం మీద వెన్నలా చుట్టూ కరిగిపోయేది. పాత సీడీని లెన్సు పక్కన వంచి పట్టుకుంటే ఫొటోలో ఓ మూల ఏడు రంగులూ పడేవి.

"చేతులు పగిలాయని కొనిస్తే కెమెరాకి పూస్తోంది మా ఆవిడ" అని వాళ్ళాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. ఆయన డిపో క్యాంటీన్లో వంట చేస్తాడు.

ఓ సాయంత్రం డ్యూటీ దిగి గేటు వైపు వస్తోంది. స్తంభం మీద దీపం చుట్టూ చక్కటి వలయం కనిపించింది. లోపల నీలం, బయట ఎరుపు. ఇన్నాళ్ళూ ఎన్ని పూతలు పూసినా రాని రంగులు! మంచు పడుతోందనుకుని గబగబా కెమెరా తీసి నొక్కింది. తెరమీద చూస్తే ఉత్త దీపమే ఉంది. లెన్సు తుడిచి మళ్ళీ తీసింది. మళ్ళీ ఉత్త దీపమే. తలెత్తి చూస్తే వలయం అక్కడే ఉంది.

పక్కన బస్సు కడుగుతున్నాయన్ని అడిగింది. "ఆ దీపం చుట్టూ ఏమైనా కనబడుతోందా?"

"పురుగులు కనబడుతున్నాయక్కా."

నవ్వబోయింది, నవ్వు రాలేదు. కెమెరాకి లేనిది తన కంటికి ఉందంటే, తేడా ఎక్కడున్నట్టు?

ఇంట్లో చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి పదమంటారు. డాక్టరు ఏమంటాడోనన్నదే ఆమె భయం. కన్ను బాగాలేదన్న మాట కాగితం మీదికి ఎక్కిందంటే స్టీరింగు చేతిలోంచి పోయినట్టే. చిన్నప్పట్నుంచి ఆమె కావాలనుకుని సాధించుకున్నది ఆ ఒక్కటే.

ఆ తర్వాత దీపం కనిపిస్తే చాలు, చూపు దాని మీదికి పోయేది. వంటింట్లో బల్బు, మెట్ల దగ్గర బల్బు, మందుల షాపు బోర్డు. కొన్ని సాయంత్రాలు ఏమీ ఉండేది కాదు. "హమ్మయ్య, అలసటే" అనుకునేది. మర్నాడు మళ్ళీ వలయం వచ్చేది, దానితోపాటు కుడి కనుబొమ మీద నొప్పి కూడా. అన్నం సహించేది కాదు. వాళ్ళాయన "ఉప్పు ఎక్కువైందా?" అని గిన్నె వైపు అనుమానంగా చూసుకునేవాడు.

ఒకనాడు చీకటి పడే వేళ బస్సు నిండా జనం. మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. దాని దీపాలు రెండూ రంగుల పళ్ళేల్లా విచ్చుకుని రోడ్డంతా కమ్మేశాయి. ఆ వెలుగులోంచి సైకిలు మీద ఒక మనిషి ఊడిపడ్డట్టు వచ్చాడు. ఆమె బ్రేకుని బలంగా తొక్కింది. నిలబడ్డవాళ్ళు ముందుకు తూలారు. సైకిలాయన బంపరుకి జానెడు దూరంలో కాలు ఆనించి, "కళ్ళు కనబడట్లేదా?" అని అరిచి వెళ్ళిపోయాడు.

ఎవరైనా అనే మాటే అది. కానీ ఆమె విషయంలో అది నిజం. తర్వాతి స్టాపు దాకా నత్తలా పోనిచ్చి, పక్కకి ఆపి, ఇంజను కట్టేసింది.

"బాబాయ్, నేనింక నడపను."

కండక్టరు పెద్దాయన. కంగారుగా ముందుకొచ్చాడు. "ఏమైందమ్మాయ్? ఒంట్లో బాగాలేదా?"

"కళ్ళు బాగాలేవు. చాలా రోజులైంది. ఎవరికీ చెప్పలేదు."

వెనకనుంచి జనం గొణుగుతున్నారు. ఆయన వాళ్ళవైపు తిరిగాడు. "బండి పాడైంది, వెనక బండి ఎక్కండి" అని వాళ్ళని దింపి డిపోకి ఫోన్ చేశాడు. ఆమె సీటులోంచి లేచి కిందికి దిగింది.

ఇంట్లో అంతా చెప్పింది. వాళ్ళాయన తిట్టలేదు. "అసలు ఎలా కనిపిస్తోంది? మసకగానా?" అన్నాడు.

"మసక కాదండీ. ఎలా చెప్పను?"

డాక్టరు కూడా ఇదే అడుగుతారని ఆమెకి తెలుసు. అందుకని కూర్చుని ఆ వలయాన్ని కెమెరాలో తయారుచెయ్యడం మొదలుపెట్టింది. వాజిలిన్‌తో వెలుగు చెదిరింది గాని రంగులు విడలేదు. సీడీతో రంగులు వచ్చాయి గాని గుండ్రంగా రాలేదు. ప్లాస్టిక్ కవరు దేనికీ పనికిరాలేదు. విసుగొచ్చి, తుడుద్దామని అద్దం మీద హా అని ఊదింది. ఆ ఆవిరి ఆరేలోపు కెమెరా తెరమీద చూస్తే మెట్ల బల్బు చుట్టూ అచ్చం అదే వలయం, లోపల నీలం, బయట ఎరుపు. వాళ్ళాయన ఊదుతూ ఉంటే ఆమె నొక్కుతూ పోయింది.

కంటి డాక్టరు గోడమీద అక్షరాలు చదవమంటే చివరి వరసదాకా తప్పులేకుండా చదివింది. ఏమీ లేదు పొమ్మంటారేమోనని వెంటనే ఫొటో చూపించింది. "నాకు దీపాలు ఇలా కనిపిస్తున్నాయి మేడమ్."

డాక్టరమ్మ ఆ ఫొటోని దగ్గరికి తీసుకుంది. "అచ్చం ఇలాగేనా? ఆ టైములో కనుబొమ మీద నొప్పి ఉంటోందా?" అని అడిగి, కంట్లో ఒత్తిడి కొలిచింది. కంటిలో నీరు బయటికి పోయే దారి అప్పుడప్పుడూ మూసుకుపోతోందని, పూర్తిగా మూసుకుపోయిన రోజున చూపు దక్కదని చెప్పింది. ఆ నీరు పోవడానికి కంటిపాప చుట్టూ ఉండే రంగుపొరకి లేజరుతో సన్నటి రంధ్రం చెయ్యాలంది, రెండు కళ్ళకీ.

అది నిమిషాల పని. ఆ తర్వాతి పరీక్షే ఆమెని చంపుకుతింది. గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. చుక్క లేనప్పుడు, నిజంగా లేదా, తనకే కనబడట్లేదా అన్నది తేల్చుకోలేకపోయేది. కుడికన్ను పక్కచూపు అప్పటికే కాస్త పోయిందని తేలింది. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలుస్తుంది, కంట్లో చుక్కల మందు వేసుకోవడం మానకపోతే.

బస్సు మళ్ళీ ఇవ్వలేదు. కొత్త డ్రైవర్లకి డిపో ఆవరణలో రివర్సు నేర్పే పనిలో వేశారు. మొదట్లో ఆ స్టీరింగు ముందు వేరేవాళ్ళని కూర్చోబెడుతుంటే ఆమెకి ఏడుపొచ్చేది. ఇప్పుడు వాళ్ళ మీద నోరారా అరుస్తుంది. మధ్యాహ్నాలు గోడ ఎక్కి కూర్చుని, వెళ్ళే బస్సుతోపాటు కెమెరాని తిప్పుతూ నిదానంగా తీస్తుంది. ఫొటోలో బస్సు నిలకడగా పడి, వెనక ఊరంతా గీతలై సాగిపోతుంది.

మొన్న కండక్టరు బాబాయ్ ఆ ఫొటో చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "అమ్మాయ్, మన బండి ఇంత జోరుగా ఎప్పుడు పోయింది?"

"నేను దిగిపోయాక, బాబాయ్" అంది.