పంచమి ముందురోజు చెప్పిన అడ్రసు

ఇన్నేళ్లుగా ఒక మాట నా గుండె మీద బండలా కూర్చుని ఉంది. ఇంట్లోవాళ్లకూ చెప్పలేదు. మీరు నన్నెరుగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

భర్త పోయాక బళ్ళారిలో, బండ్లు రిజిస్టరు చేసే ఆఫీసులో గుమాస్తాగా చేరాను. నంబరు చెప్పి యజమాని అడ్రసు అడిగితే ఊరికే ఇవ్వకూడదు. కారణం రాసి అర్జీ పెట్టాలి, ఆఫీసరు సంతకం చేయాలి. అర్జీ లేదని బజారు షావుకార్లనే తిప్పి పంపినదాన్ని.

1961 ఎండాకాలంలో ఒకమ్మాయి తన పేర టాక్సీ రిజిస్టరు చేయించుకుంది. నగలమ్మి కొన్నదట. వేరే కులం డ్రైవరును పెళ్లాడి, పుట్టింటివాళ్లకు భయపడి కప్పగల్లు దారిలో ఎవరికీ తెలియకుండా కాపురముంటోంది. అడ్రసు ఎవరికీ చెప్పరు కదా అని అడిగింది. నేనున్నాను కదా అన్నాను.

ఆ ఏడు నాగుల పంచమికి ముందురోజు ఆమె అన్న వచ్చాడు. చేతిలో కొత్త చీర, నువ్వుల ఉండల పొట్లం. పంచమికి అన్న వచ్చి చెల్లెలిని పుట్టింటికి పిలుచుకుపోవడం మా వైపు ఆచారం. ఆమె భర్త నడిపే టాక్సీ నంబరు బజారులో ఎవరో చూసి చెప్పారట.

“అర్జీ రాసియ్యప్పా. ఆఫీసరు ఎల్లుండి వస్తాడు” అన్నాను.

“ఎల్లుండికి పంచమి అయిపోతాది గదక్కా! చెల్లెల్ని పిల్చేదానికీ అర్జీనా? మీయన్న అర్జీ రాసుకోనే వస్తాండాడా నీకాడికి?”

మా అన్న రావడం మానేసి అప్పటికి నాలుగు పంచములు. విధవను ఎవరు పిలుస్తారు? నవ్వాను. అడ్రసు చెప్పాను. అతనొక ఉండ చేతిలో పెడితే అక్కడే తిన్నాను.

పంచమి అయిన మూడోరోజు ఆమె భర్త వచ్చాడు. బాడుగకు పోయి వచ్చేసరికి ఇంట్లో ఆమె లేదు. మేము రానే లేదని పుట్టింటివాళ్లు అంటున్నారట.

“మా ఇల్లు యాడుండాదో వాళ్లకెట్ల తెలిసిందమ్మా? ఈడ ఎవురన్నా అడిగినారా?”

“అర్జీ ఏదీ రాలేదప్పా” అన్నాను. అర్జీ నిజంగానే రాలేదు.

ఆమెను మళ్లీ ఎవరూ చూడలేదు. మరుసటి ఏడాది ఆ టాక్సీ అమ్ముకోవాలని అతను మళ్లీ వచ్చాడు. బండి ఆమె పేర ఉంది. యజమాని సంతకం లేకుండా కుదరదన్నాను. ఆ రోజు మాత్రం రూలు తప్పలేదు. అతను బండి కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అన్న మాట నమ్మి చెప్పానా? ఏళ్ల తరబడి అలాగే సర్దిచెప్పుకున్నాను. పండుగ పూట, అన్నాచెల్లెళ్లు, ఎవరైనా నమ్మేవారే అని. కాదు. నిలబడినంతసేపూ చెల్లెలు బాగుందా అని అతను ఒక్కసారి కూడా అడగలేదు. అది నేను గమనించాను. గమనించీ చెప్పాను.

ఈ ఒక్క మాట రాయడానికే కూర్చున్నాను. రాశాను.