పాప మెడ మీద నా కాలు

ఆగస్టులో కువైట్‌లో దిగాను. యాభై డిగ్రీల ఎండ, ముఖాన ఇసుకగాలి. సైన్యంలో పదిహేడేళ్ళు నర్సింగ్ అసిస్టెంటుగా చేసినవాణ్ణి ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంటికి డ్రైవర్‌నయ్యాను. రెండేళ్ళ పోస్టింగ్ అనుకున్నాను. ఐదున్నరకు బండి కడగాలి, ఆరూ పదికి పిల్లల్ని బడికి బయల్దేరదీయాలి. ఆర్డర్లన్నీ ఇంటి యజమానురాలివి. ఆమెను మామా అనాలి, అక్కడ అమ్మ అని అర్థం.

వంటచేసే రమణమ్మది మా రాయచోటే. నేను ఎదురుకాళ్ళతో పుట్టానని ఆమెకు తెలియడం నా ఖర్మ. అలా పుట్టినవాడు కాలితో రాస్తే పట్టేసిన నడుమూ మెడా విడుస్తాయని మావైపు నమ్మకం. ఆ వీధిలో పనిచేసే మావాళ్ళకు శుక్రవారం సెలవొస్తే నా కాలే మందు.

రెండో చలికాలంలో ఇంట్లో ఆరేళ్ళ పాపకు టాన్సిల్స్ తీశారు. తొమ్మిదోరోజు తల ఎడమకు ఒరిగింది, గడ్డం కుడికి తిరిగింది. నిద్రలో పట్టేసి ఉంటుందంది మామా. రమణమ్మ పాపను నా గదికి తెచ్చింది.

"ఒగసారి కాలితో రాయన్నా. పొద్దున్నించి మెడ తిప్పలేకుండాది."

రాశాను. మెల్లగా, మూడుసార్లు.

మర్నాడు పగలు పదకొండు గంటలకూ అంతే. ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎడమవైపు నుంచి పిలిస్తే కళ్ళు మాత్రమే తిప్పింది. రమణమ్మ తనే రెండు చేతులతో తల పట్టుకుంది, సరిచేద్దామని. అప్పుడు గుర్తొచ్చింది. గొంతు ఆపరేషన్ తర్వాత, ఎక్కడో ఒకరికి, లోపలి వాపు వల్ల మెడ పైఎముక పక్కకు జారుతుందని సైన్యంలో మా వార్డు డాక్టరు మేజర్ ఒకప్పుడు చెప్పాడు. బలవంతంగా తిప్పితే వెన్నుపాము నలిగిపోతుంది. కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు, ఊపిరే ఆగవచ్చు.

"చేతులు తియ్యి. ఎవరూ తిప్పద్దు," అన్నాను.

పాపను పడుకోబెట్టి, తలకు రెండువైపులా తువ్వాళ్ళు చుట్టి పెట్టాను. అంబులెన్స్ పిలవమంటే, డ్రైవర్‌కు వైద్యమెందుకని మామా కసిరింది. పాపను చూశాక అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

స్కాన్‌లో ఎముక జారినట్టే తేలింది. మెడనెవరైనా ముట్టుకున్నారా అని డాక్టర్ హిందీలో అడిగాడు. రమణమ్మ నేల చూసింది. నాకు సిగ్గేసింది. పదిహేడేళ్ళు నేర్చుకున్నవాణ్ణి.

"నేనే సార్. నిన్న కాలితో రాశాను."

ఆయన మామాకు అరబిక్‌లో చెప్పాడు. నా ఉద్యోగం ఖలాస్. న్యాయమే.

పాప నరాలకేమీ కాలేదు. కొన్నాళ్ళు తలకు బరువు కట్టి లాగి ఉంచారు, తర్వాత మెడకు పట్టీ వేసి ఇంటికి పంపారు. నన్ను ఊరికి పంపే కాగితాలు తేలేసరికి నెల పట్టింది.

ఊరొచ్చి ఏడాదైంది. నడుము పట్టిందని ఎవరొచ్చినా ఆస్పత్రికి పొమ్మంటాను. నాకు పొగరంటారు. అననీ. కువైట్ నుంచి వచ్చేసిన రోజు ఎయిర్‌పోర్టు బండి ఎక్కబోతూ పాపను పేరుపెట్టి పిలిచాను. గుమ్మంలో అటు తిరిగి నిలబడి ఉంది. పట్టీలో మెడ తిరగదు. చిన్నచిన్న అడుగులేస్తూ ఒళ్ళంతా నావైపు తిప్పుకుని, చెయ్యి ఊపింది.