చీరల వరుసలో ఇరవై మూడు క్యాసెట్లు

మా ఎల్బీ నగర్ ఇంట్లో టీవీ కింద పెట్టిన పాత కంప్యూటరే మా సర్వర్. దానికి రెండు హార్డ్ డిస్కులు తగిలించాను. రెండోది మొదటిదానికి నకలు. అందులో ఉన్న వీడియోను ఇంట్లో టీవీలోనైనా, బయట ఏ ఫోన్‌లోనైనా చూడొచ్చు. అదంతా ఒక ఆదివారం పని. నెల రోజులు పట్టింది క్యాసెట్లకు. మూడు గంటల క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కడానికి కచ్చితంగా మూడు గంటలు పడుతుంది. అట్లాంటివి ఇరవై మూడు. అన్నీ అమ్మ వైపు వాళ్ల పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, గృహప్రవేశాలు.

ఈ పని నాకు పెట్టింది పెద్దమ్మ, అమ్మ వాళ్ల అక్క. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గల్లీలో చీరల దుకాణం నడుపుతుంది. వాళ్ల నాన్న, అంటే మా తాత, పోచంపల్లి పక్క ఊళ్లో నేతపని చేసేవాడు. నేను పుట్టకముందే పోయాడు.

"మొకమంటే ఫొటోల ఉన్నది బిడ్డా. మా నాయిన నడక యాడున్నది? ఎంత యాది జేసుకున్నా వస్తలేదు. గా క్యాసెట్లల్ల ఏదో ఒక దాంట్ల ఉంటడు, జర సూడు" అంది.

నేను తాతను కదులుతుండగా ఎప్పుడూ చూడలేదు. ప్రతి పెళ్లిలోనూ ధోతీ, తెల్ల అంగీ వేసుకున్న ముసలివాళ్లు పదిమంది ఉన్నారు. ముందు క్యాసెట్లను వరుసలో పెడితే తాత బతికి ఉన్న రోజులవి తేలతాయనుకున్నాను. లేబుళ్లు ఎప్పుడో ఊడిపోయాయి. బొమ్మ మూలన తేదీ కనబడుతోంది కదా అని దాని ప్రకారమే పేర్లు పెట్టి, జాబితా పట్టుకుని దుకాణానికి వెళ్లాను.

పెద్దమ్మ అద్దాలు పెట్టుకుని చదివింది.

"ఏందిరా ఇది? మీ అక్క పుట్టెంటికలు ముందు, మీ అమ్మ పెండ్లి ఎనుకనా? మంచి ఇంజినీరువే దొరికినవ్."

వీడియో తీసినాయన బ్యాటరీ మార్చినప్పుడల్లా కెమెరా తేదీ మొదటికి వచ్చేదట. ఆయన దాన్ని ఎన్నడూ సరిచేయలేదు.

"తేదీలు ఇడిసిపెట్టు. ఆడోళ్లను సూపెట్టు" అంది.

మధ్యాహ్నం పూట బేరాలు తక్కువ. ల్యాప్‌టాప్ గల్లాపెట్టె మీద పెట్టి, ఇంట్లో ఉన్న సర్వర్ నుంచి ఒక్కో వీడియో తెరిచాను. పెళ్లికూతురి వైపు ఆమె చూడనే లేదు. వరుసగా కూర్చున్న ఆడవాళ్ల ఒంటిమీది చీరలు చూసింది. మావాళ్లలో శుభకార్యానికి పిలిచినవాళ్లు చీర పెడతారు. దాన్ని తర్వాతి కార్యానికి, పెట్టినవాళ్ల కళ్లబడేలా కట్టాలి. కట్టకపోతే మాట వస్తుంది.

"గీ ముదురు ఎరుపుది మీ మేనమామ పెండ్లిల పెట్టిన్రు. గందుకే ఇది దాని ఎనుకది. రాసుకో."

నేను రాసుకున్నాను: నాలుగు తర్వాత పంతొమ్మిది. పంతొమ్మిది తర్వాత రెండు. ఏది దేనికి ముందో జతలుగా తెలిస్తే మొత్తం వరుస ఎట్లా కట్టాలో నేను కాలేజీలో చదివాను. పెద్దమ్మ ఏడో తరగతితో బడి మానేసింది. ముప్పై ఏళ్ల కిందటి చీర ఎవరు ఎవరికి పెట్టారో, అంచు ఎంత వెడల్పో, జాకెట్టు ఎవరు కుట్టారో కూడా చెబుతోంది. మధ్యలో ఒకావిడ వచ్చి లంగా గుడ్డ అడిగితే కోసిచ్చి, వదిలిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టింది. నాకు పెన్ను ఆగలేదు.

ఒక్కచోట లెక్క తప్పింది. అమ్మ పెళ్లి తర్వాత తాత నేశాడని పెద్దమ్మ చెప్పిన నీలం చీర, అమ్మ పెళ్లికి ముందరి క్యాసెట్‌లోనూ ఉంది.

"ఇట్లా కుదరదు పెద్దమ్మా" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆమె రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టించి పెద్దవి చేయించింది. నాకు రెండూ ఒకటే.

"ముందుది నాది, ఎనుకది మీ అమ్మది. ఒక్కతీరువి రెండు నేసిండు. సూడు, మీ అమ్మదాంట్ల పువ్వు అంచు కాడ జరిగింది. అప్పటికే చేతులు వణుకుతుండె. గిదే ఆఖరి చీర. మగ్గం ఇడిసి యాడికీ రానోడు, గీ పెండ్లికి తనే మోసుకొచ్చి మీ అమ్మ చేతుల పెట్టిండు, ఆమె ఆడనే కట్టుకున్నది. గీ క్యాసెట్ల ఉంటడు."

అది పదకొండో క్యాసెట్. నేను స్టేజీ దగ్గర వెతకడం మొదలుపెట్టాను.

"ఆడ కాదు. మా నాయిన స్టేజీ ఎక్కడు. బువ్వ కాడ సూడు."

అమ్మకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఇంట్లో టీవీలో అదే వీడియో పెట్టమన్నాను. రెండు గంటల పదకొండో నిమిషంలో, బంతిలో తింటున్నవాళ్ల వెనక నుంచి బక్కపలుచని మనిషి ఒకాయన సంచి చంకలో పెట్టుకుని, తల కొంచెం ముందుకు వంచి, గబగబా నడిచి వచ్చాడు. ఎడమ చెయ్యి ఊగుతోంది. కుడి చెయ్యి ఊగడం లేదు.

ఫోన్‌లో అమ్మ గొంతు. "అక్కా, నాయినే! నడుస్తుండు."

నేను నిమిషం, సెకను రాసుకుందామని బొమ్మను ఆపాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆపకురా. నడవనియ్యి."