వీరభద్రం గారు పెట్టని బోర్డు

అమెరికాలో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఇండియన్ కిరాణా షాపు నడిపిన వీరభద్రం గారిది ఖమ్మం. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పక్క షాపులో కరాచీ నుంచి వచ్చిన యూసుఫ్ బట్టలు కుట్టేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి టీ తాగేవారు. ఈయన ఉర్దూ విని యూసుఫ్ పగలబడి నవ్వేవాడు.

2001 సెప్టెంబర్‌లో న్యూయార్క్ టవర్లు కూలిన వారంలోనే ముస్లింల షాపనుకుని ఎవరో రాయి విసిరి వీరభద్రం గారి షాపు అద్దం పగలగొట్టారు.

"'మేము హిందువులం' అని బోర్డు పెట్టన్నా. ఇంకెవరూ నీ జోలికి రారు" అన్నాడు స్నేహితుడు లక్ష్మీపతి.

"అంటే, రాయి పక్క షాపు మీద వెయ్యమని చెప్పడమేగా?"

బోర్డు పెట్టలేదు. ఆయన భార్య నాగమణి గారికి మాత్రం అది నచ్చలేదు. "మనకి పిల్లలున్నారు" అని ఏడ్చింది. చాలాకాలం షాపు గడప తొక్కలేదు.

తర్వాత ప్రభుత్వం కొత్త రూల్ పెట్టింది. కొన్ని దేశాల నుంచి వీసా మీద వచ్చిన మగవాళ్లు ఇమిగ్రేషన్ ఆఫీస్‌కి వెళ్లి వేలిముద్రలివ్వాలి. ఆ దేశాల్లో పాకిస్తాన్ కూడా ఉంది. యూసుఫ్ వీసా గడువు అప్పటికే దాటిపోయింది.

"పోకు. లాయర్‌ని అడుగుదాం" అన్నారు వీరభద్రం గారు.

"దాక్కుంటే నిజంగానే తప్పు చేసినవాణ్ణవుతా భాయ్‌సాబ్."

2003 మొదట్లో ఒకరోజు వీరభద్రం గారే అతన్ని కార్‌లో డాలస్ ఇమిగ్రేషన్ ఆఫీస్‌కి తీసుకెళ్లారు. పార్కింగ్‌లో సాయంత్రం దాకా కూర్చున్నారు. లోపలికెళ్లి అడిగితే, "అతన్ని డిటెయిన్ చేశాం, మీరు ఇంటికెళ్లండి" అన్నారు. కొన్ని వారాలకి యూసుఫ్‌ని కరాచీ పంపేశారు.

అతని షాపులో జనం ఇచ్చిన బట్టలు సగం కుట్టి ఉన్నాయి. తాళం తీయించుకుని మిషన్ ముందు కూర్చుంది నాగమణి గారే. "పెళ్లికి కావాలన్నవి ముందు ఇవ్వండి" అంది భర్తతో. అన్నీ పూర్తిచేసి ఎవరివి వాళ్లకిచ్చింది. అప్పట్నుంచి మళ్లీ తమ షాపుకి రావడం మొదలుపెట్టింది.

2011లో ఆ రూల్ ఆపేశారని వార్తల్లో విని వీరభద్రం గారు కరాచీకి ఫోన్ చేశారు. చాలాసేపు ఆరోగ్యాల గురించే మాట్లాడుకున్నారు. చివరికి అడిగేశారు.

"ఆరోజు నిన్ను నేనే తీసుకెళ్లాను. నా మీద కోపం లేదా యూసుఫ్?"



"మీరు రాకపోతే ఒక్కణ్ణే వెళ్లేవాణ్ణి భాయ్‌సాబ్."