మాస్టారి గేమ్స్ పీరియడ్

మా స్కూల్ పీటీ మాస్టారు పోయారు. సోమవారం ఉదయం నేను స్టాఫ్ రూంలో హాజరు పట్టీ తీస్తుంటే అటెండర్ వచ్చి చెప్పాడు. "మేడమ్, పీటీ మాస్టారు ఇంక నేరంట. బూట్లు ఏసుకుంతా అలాగే ఒరిగిపోనారంట." "ఏ మాస్టారు?" అని అడిగాను. దువ్వాడ దగ్గరున్న మా చిన్న స్కూల్లో పీటీ మాస్టారు ఒక్కరే. అయినా అడిగాను. నలభై ఏడేళ్ల మనిషి, శుక్రవారం సాయంత్రం నాతో మాట్లాడి వెళ్ళిన మనిషి. ఇది రాస్తుంటే కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మా ఇద్దరి మధ్య పోట్లాట ఎప్పుడూ ఒకటే. నేను లెక్కల టీచర్ని. పదో తరగతికి గేమ్స్ పీరియడ్ రాగానే "ఈ ఒక్కసారికి" అంటూ నేనే క్లాసులోకి దూరేదాన్ని. పదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో ఈ దౌర్జన్యం తెలిసే ఉంటుంది. ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవారు. "ఏటి మేడమ్, మళ్ళీ నా పీరియడ్ నాగేసుకున్నారా? ఆడుకొచ్చిన పిల్ల కుదురుగా కూకుంటాది. ఒక్కపాలి సూడండి." పిల్లలు ఆశగా ఆయన వైపు చూసేవారు. నేను బోర్డు వైపు తిరిగేదాన్ని.

ఆయన చొక్కా జేబులో పిన్నీసులుండేవి. చున్నీ జారుతుందని ఆడపిల్లలు గ్రౌండ్ గట్టు మీదే కూర్చుండిపోతుంటే తలా రెండు పంచేవారు. "పిన్నెట్టుకుని దిగండమ్మా, అది సూసుకుంటాది." ఎనిమిదో తరగతిలో భయపడిన పిల్లలు తొమ్మిదికి వాలీబాల్ జట్టయ్యారు. పదిలోకి రాగానే ఆ జట్టును నేను బెంచీల మీద కూర్చోబెట్టేశాను. మార్కులు పెరిగాయి, కాదనను. వాటి వెనక ఆయన నేర్పిన ఓపిక కూడా ఉందని మాత్రం ఆయనకి ఒక్కసారీ చెప్పలేదు. అందుకు నాకిప్పుడు సిగ్గుగా ఉంది.

శుక్రవారం ఆయన గొంతు పెంచలేదు. "జూన్ నుంచి ఒక్కనాడూ దిగనేదు మేడమ్ ఆ పిల్లలు. నాను ఇంక అడగడం మానేత్తాను." "సోమవారం మీకే ఇస్తాను మాస్టారూ, ఒట్టు," అన్నాను. "సూద్దాం," అని నవ్వి వెళ్ళిపోయారు.

సోమవారం సంతాపం అయ్యాక సెలవిచ్చారు. మర్నాడు పదో తరగతి గేమ్స్ పీరియడ్ గంట కొట్టగానే "గ్రౌండ్‌కి పదండి" అన్నాను. ఎవరూ అరవలేదు, పరుగెత్తలేదు. వరసగా మెట్లు దిగారు. నేను బంతి తెచ్చి ఇస్తే, అందుకున్న పిల్ల దాన్ని ఎవరికీ విసరకుండా చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. మిగిలినవాళ్ళు గోడ నీడలో వరసలుగా కూర్చుని, వెంట తెచ్చుకున్న నోట్సులు ఒళ్ళో తెరిచారు.

"ఎన్నో లెక్క మేడమ్?" అంది ముందు వరసలో పిల్ల.